నా బిడ్డ తలమీద నా తొందర

నాకు ఆగడం చేతకాదు. పప్పు ఉడికిందో లేదోనని కుక్కర్ మూత ముందే లాగబోయి రెండుసార్లు చెయ్యి కాల్చుకున్నాను. కుట్టుపని చేసే మనిషికి ఇలాంటి బుద్ధి పనికిరాదని నాకు పని నేర్పినామె ఎప్పుడూ అనేది. కానీ సంతపూర్‌లో నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లు ఆ తొందర చూసే వస్తారు. సోమవారం గుడ్డ ఇస్తే బుధవారానికి జాకెట్టు చేతిలో పెడతాను. ఊళ్లో నలుగురూ మెచ్చుకున్న ఆ గుణమే నా ఒక్కగానొక్క బిడ్డకు ఎసరు పెట్టింది. ఎవరికీ చెప్పుకోలేక ఇలా రాస్తున్నాను.

పిల్ల ఎనిమిదో తరగతిలో ఉండగా టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు మంచం దిగలేదు. తగ్గాక అన్నం తింది, బడికి పోయింది, గండం గడిచిందనుకున్నాం. రెండు నెలలు తిరిగాయో లేదో జుట్టు రాలడం మొదలైంది.

నడుము దాకా ఉండేది ఆమె జుట్టు. ప్రతి ఆదివారం కుంకుడుకాయతో తలంటి, ఎండలో ఆరబెట్టి, గడపలో నా మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని చిక్కు తీసేదాన్ని. వారమంతా ముద్దపప్పులా ఉండే పిల్ల ఆ గంటలో మాత్రం గలగలా మాట్లాడేది. ముఖాలు కనబడవు కదా, అందుకని మాట సులువుగా వచ్చేదేమో. బడిలో ఎవరు ఎవరితో మాటలు మానేశారో, లెక్కల సారు ఎందుకు చిరాకు పడ్డాడో, పదో తరగతి తరువాత బీదర్‌లో హాస్టల్లో ఉండాలంటే తనకెంత భయమో, అన్నీ నాకు వెనక నుంచే తెలిసేవి. జడ అల్లడం అయిపోగానే మాటలూ ఆగిపోయేవి. అందుకే నేను కావాలని చిక్కు మెల్లగా తీసేదాన్ని. నా జీవితంలో నేను మెల్లగా చేసిన పని అదొక్కటే.

ఒక ఆదివారం దువ్వెన ఒక్కసారి లాగితే గుప్పెడు జుట్టు వచ్చింది. చప్పున నా తొడ కింద దాచాను. రెండోసారి లాగితే ఇంకో గుప్పెడు. పిల్ల మాట్లాడుతున్నదల్లా ఆగి, వెనక్కి తిరగకుండానే ఎంత వచ్చిందని అడిగింది. కొంచెమే అన్నాను. ఆమె చెయ్యి వెనక్కి పెట్టి నా తొడ కింద తడిమి చూసింది.

ఔరాద్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె పిల్ల తల అటూ ఇటూ తిప్పి చూసి, జ్వరం తరువాత ఇలా అవుతుందనీ, పోయినదంతా ఆరు నెలల్లో దానంతటదే వస్తుందనీ కన్నడంలో చెప్పింది. మరి నేనేం చేయాలని అడిగాను. "ఏనూ మాడబ్యాడ్రి" అంది, ఏమీ చేయొద్దని. పిల్లకు గుడ్లు, ఆకుకూరలు పెట్టమంది. చీటీ మీద ఒక మందైనా రాయలేదు. బస్సులో వస్తూ ఆమె మీద పళ్లు నూరాను. అంత చదువు చదివి, చేతులు కట్టుకుని కూర్చోమని చెప్పడానికా? బిడ్డ తల కళ్ల ముందు పలచబడిపోతుంటే ఏమీ చేయకుండా ఉండడం ఎలాగో ఏ తల్లికైనా తెలుస్తుందా? నాకు మాత్రం తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

మా అత్త పుట్టిల్లు మంగళగి. ఆమెకు ఆకూ అలమూ తెలుసు. గుంటగలగరాకు తెచ్చి, దంచి, కొబ్బరినూనెలో సన్నటి సెగ మీద కాచి సీసాలో పోసి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టింది. వాళ్ల ఇంట్లో తలకు ఏ మందు పెట్టినా అమావాస్య నాడు మొదలుపెడతారు. మళ్లీ అమావాస్య వచ్చేదాకా ఇంకొకటి తాకరు. అది పనిచేయలేదనిపిస్తే అప్పుడు ఆపి, ఒక నెల ఖాళీగా వదిలేసి, రెండోది మొదలుపెడతారు.

"రెండు దవాలు కలిపి పెడితే ఏది మంచి చేసిందో, ఏది చెడు చేసిందో ఎట్ల తెలుస్తది పిల్లా?" అంది మా అత్త. "ఎంటికె మొలిసేందుకు దానికి జర టైమియ్యాలె."

తల ఊపాను. అమావాస్యకు ఇంకా పదకొండు రోజులున్నాయి. ఆ సాయంత్రమే నూనె రాశాను.

ఎనిమిదో రోజుకు నాకు విసుగు పుట్టింది. పొద్దున లేవగానే పిల్ల దిండు చూసేదాన్ని. దిండు మీద వెంట్రుకలు నిన్నటికంటే ఎక్కువ కనబడితే నూనెను తిట్టుకునేదాన్ని, తక్కువ కనబడితే ఇంకొంచెం రాసేదాన్ని. ఫోను తెరిస్తే చాలు, నడుము దాకా జుట్టున్న ఆడవాళ్లు వరస కట్టి ఏదో ఒకటి రుబ్బుతూ కనిపించేవాళ్లు. మెంతులు పెరుగుతో రుబ్బి పట్టించాను. నాలుగు రోజులకు ఉల్లిగడ్డ రసం. ఆ తరువాత మందారాకు, వేపాకు నీళ్లు, బియ్యం కడుగు, మళ్లీ ఉల్లిగడ్డ. ఎవరికైనా బట్ట కొలత తీస్తూ మాటల్లో ఈ సంగతి ఎత్తితే ఆమె ఇంకొకటి చెప్పేది. వద్దంటే ఆమె చిన్నబుచ్చుకుంటుందని ఒక సాకు. నిజానికి నాకే ఆశ. అత్త కంట పడకుండా పిల్లను పెరట్లోకి తీసుకుపోయి పూసేదాన్ని. పైన అత్త నూనె కూడా రాసేదాన్ని, ఆమెకు అనుమానం రాకుండా.

పిల్ల కూర్చునేది. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చి, టవలు భుజాల మీద వేసుకుని తల వంచేది. అదే నన్ను ఇప్పుడు ఎక్కువ బాధిస్తుంది. ఒకసారైనా మొరాయించి ఉంటే ఆగేదాన్నేమో. ఉల్లి వాసనకు పక్కన కూర్చునే స్నేహితురాలు బెంచీ మారిందని కూడా నాకు ఆమె చెప్పలేదు. బడిలో పని చేసే ఆయా చెబితే తెలిసింది. ఆదివారాల మాటలు ఎప్పుడు ఆగిపోయాయో గుర్తులేదు. ఆ గంటలో ఇప్పుడు నేనే మాట్లాడేదాన్ని. ఇది ఎంత మంచిదో, ఎవరికి ఎన్ని రోజుల్లో జుట్టు వచ్చిందో చెబుతూ ఉండేదాన్ని. ఒకసారి మాత్రం ఆమె మధ్యలో అడిగింది.

"ఇంకెన్ని ఉన్నయమ్మా?"

ఇదే చివరిదన్నాను. ఆ మాట అన్నప్పుడు నేను నిజంగానే అనుకున్నాను.

పుట్టడానికి కొత్త వెంట్రుకలు పుడుతూనే ఉన్నాయి. నేను కాదు, అత్త చూసింది. పిల్ల నుదుటి పైన, చెవుల పక్కన పొట్టిపొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపించాయట. నన్ను పిలిచి వెలుతురులో చూపించింది. నిజమే, ఉన్నాయి. కానీ సన్నగా, మక్కకంకి పీచులా ఎర్రగా ఉన్నాయి. నా మనసుకు పండగలా ఉండాల్సిన రోజది. నాకేమో వాటి రంగు మీద దిగులు పట్టుకుంది. ఇవి ఇలాగే ఉండిపోతే? ఇన్ని మందుల్లో ఏది వీటిని తెచ్చిందో కూడా నాకు తెలియదు, దాన్నే కొనసాగిద్దామంటే. డాక్టరమ్మ చెప్పిన ఆరు నెలల్లో అప్పటికి నాలుగే అయ్యాయి. ఆ లెక్క నాకు తట్టనే లేదు.

బీదర్‌లో బిద్రీ సామాను చేసే ఒక చిన్న కార్ఖానాకు నేను మఖ్మల్ సంచులు కుట్టి ఇస్తుంటాను. పెట్టెలు, ఫ్లవర్ వాజులు పెట్టి ఇవ్వడానికి. నెలకోసారి బస్సులో తీసుకుపోతాను. అక్కడ ఒక పెద్దాయన ఉంటాడు, నేను చాచా అంటాను. ఆయన చేతికి వచ్చేసరికి వస్తువు బూడిద రంగులో ఉంటుంది, దానిలో పొదిగిన వెండి తీగ ఎక్కడుందో కూడా సరిగా కనబడదు. దాన్ని కొంచెం వేడిచేసి, కోట నుంచి తెచ్చిన పాత మట్టిని ముద్దలా చేసి రుద్దుతాడు. నా కళ్ల ముందే ఆ లోహం కాటుకలా నల్లబడిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నేను నోరు తెరుచుకుని చూస్తాను. ఆ రోజూ చూశాను. చూస్తుండగానే నా మతి తప్పింది.

మా ప్రాంతంలో మట్టితో తలంటుకోవడం కొత్త కాదు. చిన్నప్పుడు మా అమ్మ రేగడి మట్టి నానబెట్టి మాకు తలంటేది, జుట్టు పట్టులా జారేది. మట్టి అంటే నాకు భయం లేదు. పైగా ఇది ఎండా వానా తగలకుండా వందల ఏళ్లు కోటలో ఉన్న మట్టి, రాగీ జస్తూ కలిసిన లోహాన్నే నల్లబరుస్తుంది, ఎర్ర వెంట్రుక ఎంత? నేను ఇలా ఆలోచించాను. చాచాకు నిజం చెబితే ఇవ్వడని కూడా నాకు లోపల తెలుసు. అందుకే ఇంట్లో పాత బిద్రీ గిన్నె నలుపు పోయిందని అబద్ధం ఆడాను. ఆయన కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. రుద్దగానే కడిగెయ్యాలనీ, చేతులు సబ్బుతో కడుక్కోవాలనీ రెండుసార్లు చెప్పాడు. అందులో తెల్లటి పొడి మెరుస్తుంటే ఉప్పనుకున్నాను. అది నవాసాగరమనీ, చర్మాన్ని తినేసే ఘాటు లవణమనీ తరువాత తెలిసింది.

అత్త కుశనూర్‌లో తన చెల్లెలింటికి వెళ్లిన ఒక శనివారం చూసుకుని పని మొదలుపెట్టాను. మట్టిని పెరుగులో కలిపితే ముద్ద నల్లగా, నున్నగా వచ్చింది. పిల్ల టవలు వేసుకుని కూర్చుంది. వారాల తరబడి ఉల్లి రసం పట్టించి, గోళ్లతో మర్దన చేసి, ఆమె మాడు అప్పటికే అక్కడక్కడా చెక్కుకుపోయి ఉంది. నాకది కనబడింది. కనబడినా పూశాను.

పది నిమిషాలకు పిల్ల అంది, "మండుతాందమ్మా."

"జర ఓర్సుకో బిడ్డా," అన్నాను. "మండుతాందంటే పని చేస్తాందన్నట్టే."

ఈ మాట నాకు ఎవరు నేర్పారో తెలియదు. లోకంలో ఏ డాక్టరూ చెప్పని మాట. కొంచెం సేపటికి మళ్లీ అంది. అర్జెంటు జాకెట్టు ఒకటి మిషను మీద ఉంది, అది అయిపోగానే కడుగుతానన్నాను. మూడోసారి ఆమె ఏమీ అనలేదు. అనకపోతే మంట తగ్గిందనుకున్నాను. రెండు చేతులూ మోకాళ్ల మీద బిగించి పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్న పిల్లను చూసి కూడా అలా అనుకున్నాను. జాకెట్టు హుక్కులు కుట్టడం అయ్యేసరికి గంట దాటింది.

నీళ్లు పోయగానే కెవ్వుమంది. మట్టితో పాటు జుట్టు జారి వచ్చింది. కింద చర్మం ఎర్రగా, అక్కడక్కడా బొబ్బలెక్కి ఉంది. ఎంత నీళ్లు పోసినా మంట ఆగలేదు. నేను బిందె మీద బిందె పోస్తూనే ఉన్నాను. ఏం చేయాలో తోచలేదు. ఆ మాట అందరూ అంటారు. నాకు నిజంగానే, ఒంట్లో ఎముకలన్నీ తీసేసినట్టు, ఏం చేయాలో తోచలేదు. మా ఆయన ట్రాక్టరు ఆపి ఇంట్లోకి వచ్చి చూసి, పిల్లను ఎత్తుకుని ఔరాద్ జీపు ఎక్కించాడు. నేను వెనక కూర్చున్నాను.

అదే డాక్టరమ్మ. ఏం పూశారని అడిగింది. నేను మట్టి అన్నాను. అంతకుముందు ఇంకేమైనా పూశారా అని అడిగింది. నాకు వరస గుర్తురాలేదు, తడబడ్డాను. అప్పుడు పిల్ల బల్ల మీద పడుకునే, కళ్లు మూసుకునే, కన్నడంలో చెప్పడం మొదలుపెట్టింది. మెంతె, ఉళ్ళాగడ్డి, దాసవాళ, బేవు, మళ్లీ ఉళ్ళాగడ్డి... ఏది ఎన్ని రోజులు, ఏది దేని మీద పూశానో, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. నేను మరిచిపోయినవి కూడా అందులో ఉన్నాయి. డాక్టరమ్మ రాసుకోవడం ఆపేసి నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. మిగిలిన జుట్టు తీసేస్తేనే పుండ్లకు మందు రాయడానికి వీలవుతుందని మాత్రం చెప్పింది.

నర్సు కత్తెరతో మెల్లగా తీసింది. పాత పొడుగాటి వెంట్రుకలు కొన్నే ఉన్నాయి. పడినవాటిలో ఎక్కువ పొట్టివి, కొత్తవి. కింద గుడ్డ మీద పడ్డాక చూస్తే అవి ఎర్రగా లేవు. మొదళ్ల దగ్గర నల్లగా ఉన్నాయి. వాటిని ఇంకో రెండు నెలలు వదిలేసి ఉంటే సరిపోయేది. నేను అక్కడే ఏడ్చాను. పిల్ల ఏడవలేదు.

మా అత్త కుశనూర్ నుంచి వచ్చి చూసి నన్ను తిడుతుందని ఎదురుచూశాను. ఆమె మందు ట్యూబు నా చేతిలోంచి తీసుకుంది, అంతే. పొద్దునా సాయంత్రం ఆమే రాసేది. నేను రాయబోతే పిల్ల వద్దనదు, కోప్పడదు. నా చెయ్యి పైకి లేవగానే తల దానంతటదే పక్కకు ఒరిగేది. ఆమె కావాలని చేసేది కాదది. నేను చెయ్యి ఎత్తితే ఆమెకే తెలియకుండా కళ్లు మూసుకునేది. రెండుమూడు సార్లు చూసి నేను చెయ్యి ఎత్తడం మానేశాను. మా ఆయన బీదర్ నుంచి పూల స్కార్ఫు తెచ్చాడు. అది కట్టుకుని బడికి పోయింది. బడిలో ఎవరేమన్నారో నాకు తెలియదు. తెలుసుకునే గంట ఇక లేదు.

తరువాతి నెల సంచులు ఇవ్వడానికి పోయినప్పుడు చాచాకు నిజం చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, బిడ్డ ఎలా ఉందని అడిగాడు. తన వేళ్లు చాపి చూపించాడు. గోళ్ల అంచులు తినేసినట్టు ఉన్నాయి. ఇది లోహం మీద కూడా ఎక్కువసేపు ఉంచం బేటీ, అని దక్కనీలో అన్నాడు. నాకు సంచుల పని ఎప్పటిలాగే ఇస్తున్నాడు. నా తప్పుకు ఎవరూ నాకు శిక్ష వేయలేదు, అదే నాకు మోయలేనిదయింది.

పుండ్లు మానాయి. జుట్టు వచ్చింది. ఎవరూ ఏమీ పూయలేదు, ఎవరూ దిండు చూడలేదు. మొదట నీడలా, తరువాత వేలి మందాన, తరువాత చెవుల దాకా, నల్లగా, ఒత్తుగా వచ్చింది. ఒక్కచోట, చెవి వెనక రూపాయి బిళ్లంత మాత్రం రాలేదు. అక్కడ రాదని డాక్టరమ్మ చెప్పింది. పైన జుట్టు కప్పేస్తే కనబడదులే అంది. అది నాకు కనబడుతూనే ఉంటుంది. నేను ఇంట్లో ఏ మూల కూర్చున్నా, పిల్ల తల తిప్పితే నా కళ్లు అక్కడికే పోతాయి.

ఇప్పుడు ఆమె పదో తరగతి. జుట్టు భుజాలు దాటింది. ఆదివారం వాళ్ల అవ్వ దగ్గర కూర్చుంటుంది. మా అత్త చేతులు వణుకుతాయి, పాపిట వంకరగా తీస్తుంది, జడ వదులుగా అల్లుతుంది. వాళ్లిద్దరూ ఏదో మాట్లాడుకుంటూ ఉంటారు. నేను మిషను దగ్గర కూర్చుని వింటాను. మిషను ఆపితే పిల్ల మాటలు ఆపేస్తుందని, కుట్టడానికి ఏమీ లేకపోయినా పాత గుడ్డ ముక్క మీద సూది నడుపుతూ ఉంటాను.

పోయిన ఆదివారం మా అత్త మంగళగికి పోయింది, వాళ్ల వైపు ఎవరిదో నిశ్చితార్థమని. పిల్ల తలంటుకుని, ఆరబెట్టుకుని, దువ్వెన పట్టుకుని నా ముందుకు వచ్చి నిలబడింది. నేను మిషను దగ్గర నుంచి ఎంత తొందరగా లేచానంటే స్టూలు వెనక్కి పడిపోయింది. గడపలో కూర్చుని మోకాళ్లు ఎడం చేశాను. ఆమె వెంటనే కూర్చోలేదు. నా రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు పైకి తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ముందు కుడిది, తరువాత ఎడమది. ఎడమ చెయ్యి దగ్గర ఆగింది.

"మిషన్‌కు నూనె పోసిన బిడ్డా పొద్దుగాల," అన్నాను. "ఇంకేం లేదు."

"తెలుసమ్మా," అంది.

చేతులు వదిలేసి, మెల్లగానే వదిలేసి, అద్దం ముందుకు పోయింది. నేను పెరట్లోకి పరుగెత్తాను. సబ్బు రెండుసార్లు రుద్ది, గోళ్ల సందుల్లో కూడా రుద్ది, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి ఆమె జడ వేసుకోవడం అయిపోయింది.